ముక్కమ్మ ముక్కు

ఆకులు రాలడం మొదలైతే ముక్కమ్మకి చేతినిండా పని. చలిగాలికి జడిసి జనం కిటికీలు మూసేసుకుంటారు. మూసిన ఇంట్లో ఆరని బట్టలు, పాత చెప్పులు, ముసలాళ్ల మందులు, నిన్నటి వేపుళ్లు అన్నీ కలిసి ఒక వాసన పుడుతుంది. ఇంట్లోవాళ్లకి అది తెలీదు. వచ్చిన చుట్టాలకి తెలుస్తుంది గానీ వాళ్లు చెప్పరు. చెప్పడానికే ముక్కమ్మ ఉంది.

ఆవిడ వచ్చి ముందుగది నడిమధ్య నిలబడి, కళ్లు మూసుకుని, గుండెలనిండా గాలి పీలుస్తుంది. ఎక్కడ ఏం కంపు దాగుందో మొహమాటం లేకుండా చెప్పేస్తుంది. ఆ తర్వాత పెట్టెలోంచి సీసాలు తీసి ఆ ఇంటికి తగ్గట్టు నూనెలు కలుపుతుంది. కమలా తొక్క నూనె ఆరు చుక్కలు, దేవదారు మూడు, దాల్చిన రెండు, లవంగం ఒక్కటంటే ఒక్కటి. పింగాణీ దీపం మీది నీళ్లగిన్నెలో ఆ చుక్కలు పడి, కింద కొవ్వొత్తి వెలిగితే, పావుగంటలో ఇల్లు మళ్లీ మనుషులుండే ఇల్లవుతుంది.

వెనకాల పెట్టె మోసేది తమ్ముడి భార్య. ఆ మరదలు కాపురానికొచ్చిన రోజున పదిమంది ముందు ఆమె బట్టలపెట్టె తెరిచి, వంగి వాసన చూసి, "బూజు" అంది ముక్కమ్మ. బట్టలన్నీ మూడుసార్లు ఉతికించింది. ఆ పిల్ల అసలు పేరు ఆనాటితో చచ్చిపోయింది. ఇరవై రెండేళ్లుగా ఇంట్లో, వీధిలో, ఆఖరికి మొగుడి నోట కూడా ఆమె బూజే. పిలిస్తే పలికేది. పైగా నవ్వేది.

ఈ ఏడు వానల్లో ముక్కమ్మకి పదిరోజులు జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిన పొద్దున తాగిన కాఫీ వేణ్నీళ్లలా ఉంది. అనుమానమొచ్చి పెట్టె తెరిచి ఒక్కో సీసా మూతా తీసి చూసుకుంది. నీలగిరి నూనెకి కళ్లు మండాయి గానీ వాసన లేదు. పద్నాలుగు సీసాలూ నీళ్లు నింపినట్టే ఉన్నాయి. వారం చూసింది, నెల చూసింది. తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు డాక్టరు.

ముక్కు పోయిందని తెలిస్తే ఆవిడకింక మిగిలేదేమిటి? తమ్ముడింట్లో ఎండ పడే గది, బల్ల దగ్గర మొదటి కుర్చీ, ఎంత మాటన్నా పడే మరదలు, అన్నీ ఆ ముక్కు సంపాదించి పెట్టినవే. కాబట్టి ఆ సంగతి కడుపులోనే దాచుకుంది.

చుక్కల లెక్క చేతికి వచ్చు. గోడ మీద చెమ్మ కంటికి కనిపిస్తుంది. మిగతాదానికి ఒక ఉపాయం కనిపెట్టింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూ, ఇన్నేళ్లు నా వెనక తిరిగావు కదా, ఏం నేర్చుకున్నావో చూద్దాం, ఏం వాసనో చెప్పవే బూజూ, అని గొంతు తగ్గించి అడిగేది. మరదలు ఒకచోట పిల్లి అనేది, ఒకచోట పరుపు కింద దాచిన పొగాకు అనేది, ఇంకోచోట పెద్దాయన పక్క తడుపుతున్నాడు వదినా అనేది. పదోవంతు వచ్చిందిలే అని ముక్కమ్మ పెదవి విరిచి, లోపలికెళ్లి అదే మాట తన మాటగా చెప్పేది. అలా తొమ్మిది ఇళ్లు గట్టెక్కాయి. ఒక్క ఇంట్లోనూ మరదలి లెక్క తప్పలేదు. ఇదెక్కడి ముక్కు, ఇన్నాళ్లూ ఏ మూల దాక్కుందని ముక్కమ్మకి లోపల కుతకుతలాడేది.

పదో ఇల్లు జడ్జిగారిది. ఏటా ఆయన భార్య స్నేహితురాళ్లని టీకి పిలిచి, వాళ్ల ఎదుటే ముక్కమ్మ చేత వాసన చూపిస్తుంది. వాళ్లకదో వేడుక. ఆ గదిలో నెగ్గితే ఆ పన్నెండుమంది ఇళ్లూ చలికాలం దాటేదాకా ముక్కమ్మవే. అక్కడ తప్పితే మర్నాటికి ఊళ్లో ఒక్క తలుపూ తెరుచుకోదు.

గుమ్మంలో ఎప్పటిలాగే అడిగింది. మరదలు గాలి పీల్చి కాస్త ఆగింది.

"ఏమీ లేదు వదినా. కడిగిన ముత్యంలా ఉంది. పూల వాసన."

ముక్కమ్మ తలెత్తుకుని, ఎవరివైపూ చూడకుండా లోపలికెళ్లింది. కళ్లు మూసుకుని పీల్చింది. "ఇల్లంటే ఇదమ్మా. పూలతోటలో నిలబడ్డట్టుంది. ఇక్కడ నా నూనెలకేం పని?"

కళ్లు తెరిచి చూస్తే పన్నెండుమందీ చేతిరుమాళ్లు ముక్కులకి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. అంత చలిలోనూ కిటికీలు బార్లా తెరిచున్నాయి. కప్పుల్లో టీ ముట్టినవాళ్లు లేరు. ఓ మూల ఎవరో కిసుక్కున నవ్వారు. ముక్కమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. మరదలి వైపు చూసింది. మరదలు పెట్టె పట్టుకుని నేలచూపులు చూస్తోంది. ఆ నవ్వు ఒకరినుంచి ఒకరికి పాకేదాకా, జడ్జిగారి భార్య మొహం కందగడ్డయ్యేదాకా అలాగే చూస్తూ నిలబడింది.

అప్పుడు తలెత్తింది మరదలు.

"మా వదిన వెటకారం మీకు తెలీందేముందమ్మా. మెట్ల మీదే నాతో అంది, ఎలుక చచ్చింది, పెద్ద బీరువా వెనకాల అని. నలుగురిలో మీకు చిన్నతనంగా ఉంటుందని ఇలా తిప్పి చెప్పింది."

పనిమనిషి సాయంతో బీరువా జరిపితే ఎలుక ఉంది. రెండు రోజులుగా ఇల్లంతా గాలిస్తున్నామని జడ్జిగారి భార్య తెరిపిన పడింది. అందరూ ముక్కున వేలేసుకున్నారు. తర్వాత నూనెలు కలుపుతుంటే ముక్కమ్మ లెక్క తప్పింది. వెనకనుంచి మరదలు మెల్లిగా నాలుగు, అయిదు, ఆరు, చాలు అని చెబుతూ వచ్చింది.

వీధి మలుపు దాటాక ముక్కమ్మ ఆగి వెనక్కి తిరిగింది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"జ్వరం తగ్గిన మూడోనాడు. పాలు పొంగి, మాడి, పొగొస్తుంటే మీరు పొయ్యి పక్కనే కూర్చుని బఠాణీలు ఒలుచుకుంటున్నారు."

"మరి అప్పుడే ఎందుకు అనలేదే?"

"అంటే మీరు మానేసేవారు. జనానికి మీ మొహం అలవాటు వదినా. నన్నెవరు లోపలికి రానిస్తారు? ముక్కు నాది, మొహం మీది. ఇలాగే లాగిద్దాం."

ఇంటికెళ్లి పడుకుంటాను, రేపట్నుంచి రానంది ముక్కమ్మ.

"పడుకోండి. సాయంత్రం మీ తమ్ముడికి నేనే నెమ్మదిగా చెబుతాను. మా పెద్దదానికి చదువుకోడానికి ఎండ తగిలే గది లేక కళ్లు పాడవుతున్నాయి." రోగిష్టివాళ్లతో మాట్లాడినంత మెత్తగా అంది మరదలు.

ముక్కమ్మ ఇంటి దారి పట్టలేదు.

పదకొండో ఇల్లు దర్జీది. గుమ్మంలో చెప్పులు విప్పి, ఏం వాసన అని అడిగింది. మరదలు గాలి పీల్చింది. చిన్నగా తలాడించింది. లోపల చెబుతాలెండి వదినా అని తలుపు కొట్టింది.

దర్జీ, అతని తల్లి ఎదురొచ్చి తీసుకెళ్లారు. ముక్కమ్మ గది మధ్య నిలబడి కళ్లు మూసుకుంది. వెనక మరదలు కుర్చీ లాక్కుని కూర్చోవడం వినిపించింది, మంచినీళ్లు అడగడం వినిపించింది, గుక్కగుక్కగా తాగడం వినిపించింది. ఏముందమ్మా మా ఇంట్లో, అని దర్జీ తల్లి అడిగింది. మళ్లీ అడిగింది. ముక్కమ్మ కళ్లు తెరిచే ధైర్యం లేక గాలి పీలుస్తూనే ఉంది.