నలభై ఒక్కసార్లు పడ్డ గొంతు

నేను ఒక మైకుని. పెళ్లి పందిట్లో "హలో, హలో, చెక్" అంటూ అందరి చేతా తట్టించుకునే రకాన్ని కాను. తలుపులు మూసిన గదిలో, స్టాండుకి తలకిందులుగా వేలాడుతూ, మనిషి మింగిన గుటకని కూడా వినగలిగే జాతి నాది. ఫ్యాక్టరీలో ఒకావిడ నా లోపలి పల్చటి రేకుని ఊపిరి బిగబట్టి అమర్చింది. అమర్చాక ఆవిడ వదిలిన ఆ ఊపిరే నేను విన్న మొదటి శబ్దం.

మొదటి యజమాని విజయవాడలో భక్తిగీతాలు పాడే ఒకాయన. దేవుణ్ణి ఎంత ఆర్తిగా పిలిచేవాడో, పాట మధ్యలో ఫ్యాన్ వేసినవాణ్ణి అంతకంటే ఆర్తిగా తిట్టేవాడు. రెండో ఆయన ప్రకటనలు చదివేవాడు. మోకాళ్ల నూనె దగ్గర్నుంచి ఇంగ్లీషు మీడియం బడి దాకా, ఆయన నోట్లో పడ్డ ప్రతిదీ "మీ పట్టణంలో మొట్టమొదటిసారిగా" వచ్చేది. అక్కణ్ణించి హైదరాబాదు చేరాను. కృష్ణానగర్‌లో తిలక్ గారి డబ్బింగ్ థియేటర్. అక్కడే నాకు సువర్చల గొంతు పరిచయమైంది.

సువర్చలది తెనాలి. యాభై రెండేళ్లు. ఇరవై ఏడేళ్లుగా తెర మీద మగపిల్లలకి గొంతు ఇస్తోంది. చెప్పులు బయట విడిచి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని నా ముందు నిలబడిందంటే చాలు, ఆరేళ్లవాడు కావాలంటే ఆరేళ్లవాడు, పదహారేళ్లవాడు కావాలంటే పదహారేళ్లవాడు ఊడిపడేవాడు. తను మాత్రం చిన్నప్పుడు ఒక్కనాడూ వీధిలో గోలీలాడలేదు, గోడ దూకలేదు. ఆ అల్లరంతా నా ముందే చేసేది.

ఒక వేసవిలో "నీలిదీపం" అనే ఆనిమే వచ్చింది. పన్నెండు భాగాల జపాను బొమ్మల సిరీస్. ఎంతోమంది ఆడి, ప్రాణం పెట్టుకున్న ఒక వీడియో గేమ్ ఆధారంగా తీశారు. అందులో కీటో అనే పదేళ్ల కుర్రాడు ఆరిపోయిన దీపస్తంభాలు వెలిగించుకుంటూ ద్వీపం నుంచి ద్వీపానికి వెళతాడు. కీటోకి గొంతు సువర్చలది. తెలుగు మాటలు రాసింది వేదాద్రి మాస్టారు, రిటైరైన తెలుగు లెక్చరర్. అద్దం అవతల కూర్చుని శబ్దం పట్టేది నస్రీన్, పాతబస్తీ అమ్మాయి, ఇరవై నాలుగేళ్లది.

మూడు భాగాలు విడుదలయ్యాయి. జనం ఉతికి ఆరేశారు. "కీటో నోరు విప్పితే నాకు టీవీ కట్టెయ్యాలనిపిస్తోంది" అని ఒకరు రాస్తే ఎనిమిది వేలమంది సై అన్నారు. ముంబై నుంచి సిరీస్ తాలూకు మనిషి ఫోన్ చేసి, నాలుగో భాగం కూడా ఇలాగే ఉంటే గొంతు మార్చేస్తామన్నాడు. తిలక్ గారు ఆ సంగతి సువర్చలతో గోడవైపు చూస్తూ చెప్పారు.

అందరూ టీకి వెళ్లాక ఆవిడ నా ముందు నిలబడి కీటో మాట ఒకటి మెల్లగా అనుకుంది. మళ్లీ అనుకుంది. కుర్రాడు రాలేదు. ఇరవై ఏడేళ్లలో మొదటిసారి, ఆ గొంతులో భయపడ్డ ఒక ఆడమనిషి వినిపించింది.

టీకి వెళ్లనిది నస్రీన్ ఒక్కతే. గదిలోకి వచ్చింది.

"అక్కా, తప్పు మీ గొంతుది కాదు. గేమ్‌ల కీటో అసలు మాట్లాడనే మాట్లాడడు."

"అదేంటమ్మా, మూగవాడా?"

"మూగ కాదక్కా. ఆడేటోళ్లే కీటో. వాడు పడితే మనం మొత్తుకుంటం, గెలిస్తే మనం ఎగురుతం. ఇగ వాడెందుకు మాట్లాడాలె?"

"మరి మనవాడు ఇలా వాగుడుకాయలా ఉన్నాడేంటి?"

"గదే కదా అందరి ఏడుపు!"

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ నస్రీన్ ఆ గేమ్ తెచ్చి డబ్బింగ్ తెరకి తగిలించింది. సువర్చల రిమోట్‌ని వేడి గిన్నె పట్టుకున్నట్టు పట్టుకుంది. ఎదురుగా వెదురు వంతెన. కింద పొగమంచు. మీట నొక్కింది. కీటో రెండడుగులు వేసి నిటారుగా కిందికి పోయాడు.

"అయ్యో! ఏడీ?"

"చచ్చిపోయిండక్కా. మళ్లా వస్తడు."

వచ్చాడు. మళ్లీ పోయాడు. పదోసారికి సువర్చల కూర్చున్నచోటే వంగి వంతెన దాటడం మొదలుపెట్టింది. పదిహేనోసారికి "ఎడమకి, ఎడమకిరా సన్నాసీ!" అని అరిచింది. ఎడమకి వెళ్లాల్సింది తన బొటనవేలే అని నస్రీన్ చెబితే ఆ వేలిని కూడా తిట్టింది. ఇరవై ఆరోసారి అరుపుకి తిలక్ గారు చేతిలో పెరుగన్నంతో పరిగెత్తుకొచ్చి, అద్దానికి ముఖం ఆనించి అక్కడే తినడం ముగించారు. నలభై ఒక్కసార్లు పడింది. నలభై రెండోసారి దాటింది. అప్పుడు ఆవిడ వేసిన కేకకి నా లోపలి రేకు గింగిరాలు తిరిగింది. ఏడుపో, నవ్వో, ఈలో తెలియదు. పదేళ్ల కుర్రాడు మాత్రం అందులో నిలువెత్తున ఉన్నాడు.

ఇదంతా రికార్డవుతుంటే నస్రీన్ నన్ను ఆపడం మర్చిపోయింది. మర్చిపోయానని తర్వాత తనే చెప్పింది, నేను నమ్మలేదు.

"సిరీస్‌లో ఈ వంతెన ఎంతసేపు?" అని అడిగింది సువర్చల, చెమట తుడుచుకుంటూ.

"ముప్పై ఎనిమిది సెకండ్లు. దాటుకుంట వాళ్ల నాయన చెప్పిన మాటలు యాది చేసుకుంటడు."

"ఆ నాన్న గేమ్‌లో ఎక్కడున్నాడు?"

"లేడక్కా. సిరీస్ తీసినోళ్లు పెట్టిన్రు. చేపలు పట్టుడు, పిల్లిని సంకల ఎత్తుకుని ఊరికె తిరుగుడు తీసేసిన్రు. మేం ఆడేదే గవాటి కోసం."

ఆ సాయంత్రం నాలుగో భాగం. తెర మీద కీటో మనకి వీపు పెట్టి వంతెన మీద నడుస్తున్నాడు. పెదాలు కనబడవు. "ఇక్కడ మాటలు వద్దు మాస్టారూ. ఊపిరి చాలు" అంది సువర్చల.

వేదాద్రి మాస్టారు కాగితాలు గుండెకి హత్తుకున్నారు. "తొమ్మిది వాక్యాలు, సువర్చలమ్మా! 'ధైర్యం అనేది పాదాల్లో కాదు నాన్నా' అన్న దగ్గర నాకే కన్నీళ్లొచ్చాయి."

"వంతెన మీద ఉన్నవాడికి అంత తీరికేదండీ? మీరొకసారి దాటండి."

రిమోట్ ఆయన చేతిలో పెట్టింది. మాస్టారు మొదటిసారి పడ్డప్పుడు "ఓహో" అన్నారు. నాలుగోసారి "ఓరి దురాత్ముడా!" అన్నారు. పదకొండోసారి పడ్డాక ఆయన నోట గ్రాంథికం పూర్తిగా పోయి, లెక్చరర్లు క్లాసులో అనకూడనిది ఒకటి వచ్చింది. నస్రీన్ నోరు నొక్కుకుని బల్ల కిందికి వెళ్లిపోయింది. మాస్టారు రిమోట్ దించి, జేబులోంచి పెన్ను తీసి, తొమ్మిది వాక్యాలూ తనే కొట్టేశారు. ఒక్క "అమ్మో" మాత్రం మిగిల్చి, దాని పక్కన "చాలు" అని రాశారు.

నాలుగో భాగం వచ్చినప్పుడు ఆ ముప్పై ఎనిమిది సెకండ్లని తెలుగువాళ్లు పదే పదే చూశారు. "ఇదీ మా కీటో" అన్నారు. ముంబై మనిషి గొంతు మార్చే మాట మళ్లీ ఎత్తలేదు. అలాగని సిరీస్ బతికి బట్టకట్టిందనుకునేరు. మిగతా భాగాల్లో కీటో ముఖం ఎదురుగా, నోరు బార్లా. పెదాలు కదులుతుంటే మాటలు పెట్టక తప్పదు కదా. ఆఖరి భాగంలో దీపం వెలిగాక ఏడు నిమిషాలు ఉపన్యాసమిచ్చాడు. సువర్చల చెప్పింది, పంటి బిగువున. పన్నెండు భాగాలతో అంతా ముగిసింది. తీసినవాళ్లకి కథ తెలుసు, బొమ్మలు తెలుసు, సంగీతం తెలుసు. పడటం ఒక్కటే తెలియదని నాకనిపించింది. మైకు అభిప్రాయం ఎవరడుగుతారు?

ఆ తర్వాత నస్రీన్, సువర్చలని అడిగి మరీ, ఆ నలభై ఒక్క పడిపోవడాల రికార్డింగ్‌ని ఇంటర్నెట్‌లో జనంలోకి వదిలింది. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. "ఆంటీ, తర్వాతి ద్వీపం ఎప్పుడు?" అని వెంటపడ్డారు. తిలక్ గారు థియేటర్‌కి కొత్త మైకు తెచ్చుకుని, నన్ను పాత తువ్వాలులో చుట్టి సువర్చల ఇంట్లో దింపారు. ఇప్పుడు నేను ఆవిడ భోజనాల బల్ల మీద, జంతికల డబ్బా పక్కన ఉంటాను. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆవిడ ఇంటర్నెట్‌లో లైవ్‌గా ఆడుతుంది, పడుతుంది, తిడుతుంది, వేలమంది వింటారు. జంతిక కరకర కూడా వింటారు.

మొన్న ఆదివారం ఆఖరి ద్వీపం చేరింది. దీపం వెలిగింది. నస్రీన్ పక్కనే ఉంది. తెర మీద కీటో నడిచి వెళ్లి సముద్రం ఒడ్డున కూర్చున్నాడు. సంగీతం లేదు. అలలు, అంతే.

"ఇప్పుడేం చెయ్యాలే?" అని గుసగుసగా అడిగింది సువర్చల.

"ఏం లేదక్కా. మీట నొక్కితే అయిపోతది. ఎప్పుడు నొక్కుతరో మీ ఇష్టం."

సువర్చల కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. బొటనవేళ్లు కదలలేదు. చూసేవాళ్ల నుంచి గలగలా వస్తున్న సందేశాలు కూడా ఆగిపోయాయి. పైన ఫ్యాన్, వీధిలో ఆకుకూరలమ్మి కేక, ఆవిడ ఊపిరి. అంతకు మించి నాకేమీ వినబడలేదు. అలా ఎంతసేపో.

"ఉండనీ," అంది చివరికి. "వాడింకాసేపు కూర్చుంటాడు."