యాడ్‌ఆన్ కార్డు

చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించబోతుంటే భర్త వచ్చి తన ఫోను ఆ బల్ల మీదే పెట్టాడు. బ్యాంకు నుంచి మెయిల్ వచ్చిందట, క్రెడిట్ కార్డు రూల్సు మారుతున్నాయట, పద్నాలుగు పేజీలట. "తీరిగ్గా చదివి రెండు ముక్కల్లో చెప్పు ఆడిటరూ" అని తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లిపోయాడు. ఆమెకి తీరిక ఉంటుందని ఆ ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం.

చిన్న అక్షరాలున్న కాగితం ఏది వచ్చినా పెద్దకోడలి దగ్గరికే చేరుతుంది. మందు సీసాల్లో మడిచి పెట్టే చీటీలు, ఫ్రిజ్ గ్యారంటీ, అత్తగారి ఇన్సూరెన్సు కాగితాలు, అన్నీ. డిగ్రీలో లెక్కలు చదివింది కదాని భర్త ఆమెకి ఆడిటరు అని పేరు పెట్టాడు. ముద్దుగా పెట్టాడో వెక్కిరించడానికి పెట్టాడో పదకొండేళ్లయినా తేలలేదు.

చొక్కాలన్నీ అయ్యాక కూర్చుని పద్నాలుగు పేజీలూ చదివింది. ఇంటి సరుకుల మీద ఇన్నాళ్లూ నూటికి ఐదు చొప్పున వెనక్కొచ్చే క్యాష్‌బ్యాక్ ఇక మీదట నూటికి ఒకటే. ఏడాది ఫీజు రెట్టింపు. గడువు దాటితే వేసే వడ్డీ నెలకి నూటికి మూడున్నర నుంచి మూడు ముప్పావుకి. పదకొండో పేజీలో అన్నిటికంటే చిన్న అక్షరాల్లో ఇంకోటి ఉంది. యాడ్‌ఆన్ కార్డులు ఇన్నాళ్లూ ఉచితం, ఇప్పుడు వాటికీ ఏటా ఫీజు.

ఆమె పర్సులో ఉన్నది ఆ యాడ్‌ఆన్ కార్డే. భర్త కార్డుకి తోకలాంటిది. దాని మీద ఆమె పేరైతే ఉంది గానీ, వాడిన ప్రతిసారీ మెసేజ్ వెళ్లేది భర్త ఫోనుకి. ఆమె షాపు మెట్లు దిగేలోపే ఫోను మోగుతుంది. "మందుల షాపులో మూడు వందల నలభై ఏంటి?" అంటాడు. కోపంగా ఏమీ కాదు, బయట వాన పడుతోందా అన్నంత మామూలుగా. ఆమె కూడా అంతే మామూలుగా అత్తగారి బీపీ మాత్రలనో, తన తలనొప్పి మందు అనో చెబుతుంది. తొమ్మిదేళ్లుగా చెబుతూనే ఉంది. ఒకసారి కార్డు పనిచేయక బ్యాంకుకి ఫోన్ చేస్తే, అసలు కార్డు ఎవరిదో వాళ్లని మాట్లాడమనండి మేడమ్, అని పెట్టేశారు.

కింది వాటాలో తోడికోడలు ఉంటుంది. మరిది భార్య. ఒక పెద్ద ఆఫీసులో టీం లీడరు. ఆ చిన్నకోడలికి సొంత కార్డు ఉంది, ముదురు నీలం రంగుది. ఒకసారి అందరూ విమానంలో వెళ్లినప్పుడు, ఆ కార్డు చూపించి అత్తగారిని ఎయిర్‌పోర్టు లాంజ్‌లోకి తీసుకెళ్లి మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి ఉచితంగా కాఫీ తాగించింది. ఆ కాఫీ కథ అత్తగారు వీధిలో అందరికీ చెప్పారు. పదకొండేళ్లుగా పొద్దున్నే పెద్దకోడలు ఇస్తున్న కాఫీ గురించి మాత్రం ఎవరికీ చెప్పినట్టు లేరు.

పెద్దకోడలికి కుళ్లు ఆ కార్డు రంగు మీదా కాదు, లాంజ్ మీదా కాదు. అది ఆమెకి తెలుసు. చిన్నకోడలు ఏదైనా కొన్నప్పుడు హ్యాండ్‌బ్యాగులో ఫోను గురగురమంటుంది. ఆమె తీసి ఓసారి చూసుకుని, మళ్లీ లోపల పడేస్తుంది. అంతే. ఆ మెసేజ్ కథ అక్కడితో అయిపోతుంది. పార్సిల్ గుమ్మంలోకి వస్తే ఏంటది అని ఎవరూ అడగరు, ఎంత అని అసలే అడగరు. ఆమె రాగానే అత్తగారు టీవీ సౌండు తగ్గిస్తారు. ఇన్నీ ఉండి, ఆ పిల్లకి తన కార్డు ఫీజు ఎంతో, ఏ నెలలో కట్టాలో కూడా తెలియదు. ఏమీ తెలుసుకోకుండా బతికేయగలగడం చూసి పెద్దకోడలికి ఒళ్లు మండేది. తనకి అన్నీ తెలుసు, కానీ తన పేరు మీద ఏదీ లేదు.

అందుకే ఆ రోజు భర్త అడగని పని కూడా చేసింది. కాగితం మీద గడులు గీసి ఒక వైపు తమ కార్డు కొత్త రూల్సు, ఇంకో వైపు చిన్నకోడలి కార్డు రూల్సు రాసింది. ఆ నీలం కార్డు ఫీజు ఎంత దండగో నలుగురికీ కనబడాలి. లెక్క ఆమె అనుకున్నట్టే వచ్చింది. ఫీజు మోత ముందు చిన్నకోడలికి వచ్చే క్యాష్‌బ్యాక్ ఏ మూలకీ చాలడం లేదు. అక్కడితో పెన్ను మూత పెట్టేస్తే సరిపోయేది. కానీ సగం లెక్క రాయడం ఆమెకి చేతకాదు. ఏడాది ఖర్చు ఒక మొత్తం దాటితే ఆ ఫీజు రద్దు అని ఎక్కడో చదివింది. పై వాటా సరుకులు కూడా కలిపితే దాటుతుంది. దాటితే ఆ నీలం కార్డు సరుకుల మీద ఇచ్చే నూటికి ఐదూ నికరంగా మిగిలినట్టే. చివర్లో అది కూడా రాసింది.

భర్త ఆ కాగితంలో చివరి వాక్యమొక్కటే చదివాడు.

"ఇదేదో బావుందే. ఇక సామాన్లన్నీ చిన్నమ్మాయి కార్డు మీద తెప్పించు. వచ్చిందాంట్లో సగం మనకిస్తుంది. ఫీజు కట్టి మరీ నీకో కార్డెందుకు?"

"నాకేమైనా కావాలంటే?"

"అదీ దాని మీదే. పరాయిదా ఏంటి? అయినా నువ్వే రాశావుగా."

ఇంట్లో డబ్బు ఇంట్లోనే తిరుగుతుంది, మంచిదే కదా, అని అత్తగారు టీవీలోంచి చూపు తిప్పకుండా అన్నారు. భర్త యాడ్‌ఆన్ కార్డుని రెండు ముక్కలు చేశాడు. కత్తెర ఎక్కడుందో అతనికి తెలియదు కాబట్టి ఆమే తెచ్చిచ్చింది.

అప్పటినుంచి బియ్యం కావాలన్నా, నూనె కావాలన్నా ఫోనులో ఆర్డరు పెట్టడం, తోడికోడలి ఆఫీసుకి ఫోన్ చేయడం, ఓటీపీ అడగడం. చిన్నకోడలు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మీటింగులో ఉన్నా గొంతు తగ్గించి "రాసుకో అక్కా" అని ఆరంకెలూ నెమ్మదిగా చెప్పేది. ఒకసారి పెద్దకోడలు సబ్బులతో పాటు లోపలి బట్టలు కూడా ఆర్డరు పెట్టింది. సాయంత్రం చిన్నకోడలు బూట్లు విప్పుతూ మెట్ల దగ్గర నుంచే పలకరించింది. "అక్కా, ఆ కంపెనీ సైజులు చిన్నగా వస్తాయి. ఒకటి పెద్దది పెట్టుకోవాల్సింది. వివరాలన్నీ నా మెయిల్‌కే వస్తున్నాయిలే." మంచికే చెప్పింది. వరండాలో కూర్చున్న మరిది పేపరు కాస్త పైకెత్తుకున్నాడు. పెద్దకోడలు నవ్వి, సరే మారుస్తాలే అని లోపలికి వెళ్లి, స్టవ్ ముందు నిలబడి చాలాసేపు స్టవ్ వెలిగించలేదు. ఆ పిల్ల చెడ్డదై ఉంటే ఎంత హాయిగా ఉండేది అనుకుంది. కుళ్లుకోవడానికి ఒక సాకైనా దొరికేది.

మూడో నెలలో ఒక ఆదివారం పొద్దున చిన్నకోడలు తడి జుట్టుతోనే పైకి వచ్చింది. చేతిలో కార్డు స్టేట్‌మెంట్.

"అక్కా, ఇదేంటో నాకు అంతుపట్టట్లేదు. నా వాటా నేను కట్టేశాను. అయినా బ్యాంకువాడు ఇంత వేశాడు. బావగారిని అడగలేను. మా ఆయన్ని అడిగితే అన్నయ్య మీద చాడీలు చెబుతావా అంటాడు."

పెద్దకోడలు చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. అర్థం కావడానికి అర నిమిషం చాలు. ఇంటి సరుకుల డబ్బు తన భర్త గడువు దాటాక ఎనిమిది రోజులకి ఇచ్చాడు. ఇంట్లోవాళ్లమే కదా, ఎక్కడికి పోతాను, అంటూ ఇచ్చాడు. బిల్లు పూర్తిగా కట్టకపోతే మిగిలినదాని మీదే కాదు, కొన్న ప్రతి వస్తువు మీదా, కొన్న రోజు నుంచీ వడ్డీ పడుతుంది. పైన ఆలస్యపు ఫీజు. ఆ నెల క్యాష్‌బ్యాక్ మొత్తం రద్దు. ఒక్కో వరుసా వేలితో చూపిస్తూ చెప్పింది. చిన్నకోడలు చిన్నపిల్లలా తలూపుతూ వింది. ఆ కాసేపూ పెద్దకోడలికి లోపల ఏదో చల్లగా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు కూడా వేసింది.

అప్పుడు చూపు కాగితం పై భాగానికి వెళ్లింది. అక్కడ చిన్నకోడలి పేరు, ఇంటిపేరుతో సహా, నల్లటి అక్షరాల్లో ఉంది. పక్కన భర్త పేరు లేదు, ఫలానా వారి భార్య అని లేదు. బ్యాంకు ఆ పేరుని పిలిచి మరీ వడ్డీ వేసింది. తను ఎంత తప్పు చేసినా ఏ బ్యాంకూ తనకి వడ్డీ వేయదు. తను ఎవరో వాళ్లకి తెలిస్తే కదా. చల్లగా అనిపించినదంతా ఆ క్షణంలో ఆవిరైపోయింది. లాంజ్‌నీ కాఫీనీ చూసి కుళ్లుకోవడం ఎవరైనా చేస్తారు. తను ఇప్పుడు ఆ పిల్ల నెత్తిన పడ్డ వడ్డీని చూసి కుళ్లుకుంటోంది.

టిఫిన్ల దగ్గర అందరూ కూర్చున్నప్పుడు స్టేట్‌మెంట్ భర్త పళ్లెం పక్కన పెట్టి, ఈ మొత్తం మీరివ్వాలి అంది. చిన్నకోడలు తల దించుకుంది.

"ఇంట్లోవాళ్ల మధ్య వడ్డీ ఏంటి?" అన్నాడు భర్త.

"బ్యాంకు మన ఇంట్లో మనిషి కాదండీ."

మరిది పొలమారి నీళ్లు తాగాడు. భర్త ఆ డబ్బు అక్కడికక్కడే పంపాడు గానీ, ముఖం మాత్రం గంటు పెట్టుకున్నాడు. కార్డులూ వద్దు, గొడవలూ వద్దు, ఇక మీదట వారం వారం చేతికిస్తాను, దేనికెంతయిందో పుస్తకంలో రాసి చూపించు, అని లేచాడు. అత్తగారు అదే నయమన్నారు. అందరూ చేతులు కడుక్కున్నారు. పెద్దకోడలు పళ్లేలు తీస్తూ, ఇక తలనొప్పి మాత్ర కూడా పుస్తకంలో ఒక వరుస అవుతుంది అనుకుంది.

ఆమె పెళ్లికి ముందు రెండేళ్లు ఒక స్కూల్లో లెక్కలు చెప్పింది. ఆ జీతంలోంచి దాచిన చిన్న డిపాజిట్ ఒకటి, గడువు తీరినప్పుడల్లా దానంతట అదే కొనసాగుతూ ఇంకా బతికే ఉంది. ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు. సోమవారం వంటయ్యాక చీర మార్చుకుని బ్యాంకుకి వెళ్లింది. డిపాజిట్ మీద కార్డు ఇస్తారని ఆమెకి తెలుసు. ఏ బ్యాంకు ఏమిస్తుందో ఆ ఇంట్లో ఆమెకి తెలిసినంత ఎవరికీ తెలియదు.

కౌంటరులో అమ్మాయి ఫారం నింపుతూ ఏం చేస్తుంటారని అడిగింది. ఇల్లు చూసుకుంటానంది. ఆదాయం అన్నచోట ఆ అమ్మాయి చిన్న గీత గీసి, పర్వాలేదు మేడమ్, దీనికి డిపాజిట్ ఉంటే చాలు అంది. తర్వాత మంచితనం కొద్దీ గొంతు తగ్గించింది.

"నిజం చెప్పాలంటే ఇది మాకున్న కార్డులన్నిట్లో తీసికట్టు. క్యాష్‌బ్యాక్ ఉండదు, ఫీజు ఉంటుంది, వడ్డీ అన్నిటికంటే ఎక్కువ. మీవారి కార్డు మీదే ఇంకోటి తీసుకుంటే మీకే లాభం కదా."

"ఆ లాభం తొమ్మిదేళ్లు చూశానమ్మా."

ఆ అమ్మాయి కాగితాలు ముందుకు జరిపి సంతకం చేయాల్సిన చోట పెన్సిలుతో గుర్తులు పెట్టింది. ఆమె గుర్తుల జోలికి పోకుండా మొదటి పేజీ నుంచి చదివింది. వెనక వరుసలో ఎవరో దగ్గారు. ఆలస్యపు ఫీజు మూడో పేజీలో ఒకలా, ఏడో పేజీలో ఇంకోలా ఉందని చూపించింది. ఆ అమ్మాయి లోపలికెళ్లి మేనేజరుని అడిగి దిద్దుకొచ్చింది. అప్పుడు సంతకం చేసింది. వారం వారం చేతికిచ్చే డబ్బుతోనే దీని బిల్లు కడుతుంది, గడువుకి రెండు రోజుల ముందే. లెక్క చూపించక తప్పదంటే నెలకోసారి బ్యాంకుకి చూపిస్తుంది. భర్త అడిగితే ఆ మాటే చెబుతుంది.

పది రోజులకి కార్డు వచ్చింది. కవరు గేటు దగ్గర అందుకున్నది చిన్నకోడలు. కవరు మీద పేరు చదివి, పైకి తెచ్చిచ్చి, విప్పేదాకా కదలకుండా మెట్టు మీద కూర్చుంది. బూడిద రంగు కార్డు, అందం చందం లేనిది. లిమిట్ ఎంతో కాగితం మీద చూసి, నా దాంట్లో ఇరవయ్యో వంతు కూడా లేదక్కా, అని నవ్వింది. నవ్వుతూనే కార్డు చేతిలోకి తీసుకుంది.

"ఇది ఎవరెవరికి తెలుసు?"

"ఇప్పటికి నీకే."

"నంబరు?"

"ఎవరికీ తెలీదు."

"నా దాని నంబరు మా ఆయనకి నోటికొచ్చు" అంది చిన్నకోడలు. "వెనక మూడంకెలతో సహా. నా ఫోను పాస్‌వర్డు కూడా ఆయన పెట్టిందే. గురగురమన్నప్పుడల్లా ఈసారి ఏం కొన్నాడో అని చూసుకుంటాను."

తర్వాత కార్డుని తిప్పి చూసింది, మళ్లీ తిప్పి చూసింది. వెలుతురులోకి వంచి, దాని మీది పేరుని బొటనవేలితో తడిమింది. ఆ చూపు ఎలాంటిదో పెద్దకోడలికి ఎవరూ చెప్పనక్కర్లేదు. తిరిగి ఇమ్మని చెయ్యి చాపితే ఇచ్చేస్తుంది. చాపలేదు. ఇంకాసేపు చూడనీ అనుకుని, మెట్టు మీద కొంచెం జరిగి తనూ పక్కన కూర్చుంది.