నల్ల బీరుకి ఏ బిస్కెట్టు

"పెరుగు గిన్నె కింద అరలోకి ఎందుకెళ్ళిందే?" అన్నారు మా అత్తగారు, ఫ్రిజ్ తలుపు పట్టుకుని.

"పై అరలో ఖాళీ లేదత్తమ్మా."

"నిన్నటిదాకా ఉన్న ఖాళీ ఏటైపోయింది? సూడు, పులిసి కూర్చుంది."

"తోడు ఎక్కువైనట్టుంది."

"ఓహో. ముప్ఫయ్యేళ్ళుగా తోడెయ్యడం రాకుండానే మీ ఆయన్ని పెంచేను మరి."

మావారు కృపానిధి పేపరు దించకుండా, "పెరుగన్నాక పులవదేటి?" అన్నారు. ఇద్దరం ఒకేసారి ఆయన మీద పడ్డాం.

పై అరలో ఏమున్నాయో ఆవిడకి తెలుసు. మా తమ్ముడు అరుణ్ కుమార్ తెచ్చిన మూడు సీసాలు. వాడు పుణెలో, సొంతంగా బీరు తయారు చేసుకునే ఒక హోటల్లో వంటవాడు. ముందురోజు ఐసు నింపిన థర్మోకోల్ పెట్టెతో వాడు ఆటో దిగితే, "చేపలేట్రా? మన పూడిమడకలో దొరకవనా?" అని నవ్వారు అత్తగారు. మూత తీశాక నవ్వలేదు.

నల్ల బీరు, గోధుమ బీరు, ఆపిల్‌తో చేసిన సైడరు. ఒక్కో గ్లాసు పక్కన దానికి తగిన బిస్కెట్టు పెట్టాలని హోటలాయన కోరిక. "మా అక్క బెల్లం బిస్కెట్లు తిని చూడండి సార్" అన్నాడట వీడు. ఏ బిస్కెట్టు దేనికో నేనే రుచి చూసి, రాసి వాడితో పంపాలి; నచ్చితే వారం వారం పార్సిలు పంపాలి. పెళ్ళయ్యాక నా చేతి పని క్రిస్మస్ పళ్ళేల్లో తప్ప ఈ వీధి దాటింది లేదు. రాత్రంతా నిద్ర పట్టలేదు.

వాడి రైలు ఆదివారం పొద్దున్నే, గుడికి ముందే. శనివారం పొద్దున్నుంచీ ఓవెన్ దగ్గరే ఉన్నాను. బెల్లం కొబ్బరివి, నువ్వులవి, వాము ఉప్పువి. వాయి దించడం, వీధిలోకి తొంగిచూడడం, మళ్ళీ పిండి కలపడం. ఒక్కచోట నిలవలేకపోయాను.

నల్ల బీరు మూత తీసి వాసన చూశాను. మునగపాకలో బెల్లం వండే పెనం అడుగున మాడిన పాకం వాసన. దానికి బెల్లం బిస్కెట్టు కలుస్తుందా, మరీ ఒకే రకం అయిపోతుందా? వాసన అంతవరకే చెప్పింది.

"నువ్వు చూసి చెప్పరా" అన్నాను.

అరుణ్ ఒక గుక్క తాగి, కొబ్బరిది కొరికాడు. "సూపరక్కా."

"వాముది?"

"అదీ సూపరే."

"నువ్వులది?"

"నీ చేత్తో చేసింది బాగోపోవడవేటి?"

"ఒరే, సొంత పిల్లలకి మార్కులేసే మేస్టారులా ఉన్నావు. ఏదో ఒకటి ఫెయిల్ చెయ్యరా!"

వాడు నవ్వి, "నువ్వే చూడొచ్చు కదా. పుక్కిలించి ఉమ్మెయ్" అన్నాడు.

"మింగకుండా తెలుస్తుందా?"

వాడు ఇంకో గుక్క తాగి చూశాడు. "లేదక్కా. బీరు చేదు మింగేకే వత్తాది. వెనకాల గొంతులో."

అబద్ధమాడినా బాగుండేది.

మాది బాప్టిస్టు సంఘం. బాప్తిస్మం రోజున నడుం లోతు నీళ్ళలో నిలబడి, ఏ మత్తూ ముట్టనని అందరూ వింటుండగా చెప్పినదాన్ని. ముట్టినవాళ్ళు ఆ నెల బల్ల తీసుకోకూడదు. బల్ల అంటే మా వాళ్ళ మాటల్లో నెల మొదటి ఆదివారం ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం. వరసలో కూర్చున్నవాళ్ళు తీసుకోకుండా పళ్ళెం పక్కకి పంపితే గుడంతా చూస్తుంది. పోయినేడు గంగాభవాని అలా పంపితే, ఆవిడ ఇల్లు చేరేలోపే మూడు కారణాలు పుట్టాయి. రేపు మొదటి ఆదివారం. పళ్ళెం పట్టుకుని తిరిగే సంఘ పెద్దల్లో మావారొకరు.

తాగి, తాగనట్టు బల్ల తీసుకోవచ్చు. నోరు కడుక్కుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచనతో గిన్నెలు తోమాను, తోమినవే మళ్ళీ తోమాను. రుచి చూడకుండా "ఇది దీనికి" అని రాసి పంపడం కూడా అలాంటిదే అనిపించింది. ఉప్పు చూడకుండా నేను పక్కింటికి పులుసు కూడా పంపను.

రాత్రి అందరం భోజనానికి కూర్చున్నాం. అరుణ్ మాట మారుస్తూ రైలు సంగతులు చెబుతున్నాడు. మావారు ప్రార్థన చేసి ముద్ద కలిపారు.

"ఏవండీ, రేపు నేను బల్ల తీసుకోను" అన్నాను.

ఆయన చెయ్యి ఆగింది. అత్తగారు ఫ్రిజ్ వైపు చూసి, నా వైపు చూశారు.

"తాగేవేటే?" అన్నారు.

"ఇంకా లేదత్తమ్మా. భోజనాలయ్యాక. మూడూ, ఒక్కో గుక్క. మీ అందరి ముందే."

"ఆ గుక్కలు మానలేవా?" అన్నారు మావారు మెల్లగా. "మీ వరసలోకి పళ్ళెం తెచ్చేది నేనే."

"తెలుసు. నా ముందు ఆపకండి. పక్కవాళ్ళకిచ్చెయ్యండి."