ఆయిజిరెక్ ఆగిన చోటు

ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. మంచుతో కలిసిన వాన అప్పుడే ఆగింది. ఉష్ణోగ్రత మూడు డిగ్రీలు, గాలి పడమటి నుంచి. ఈ వివరాలు నా పట్టికలో తొలి వరుసలోనే ఉన్నాయి. బడి మైదానంలో సున్నంతో గీసిన గీత కొట్టుకుపోయిందన్న సంగతి మాత్రం అందులో లేదు. జరిగినదంతా అక్కడి నుంచే మొదలైంది.

రాజధాని నుంచి వచ్చిన మా సంఘానికి అప్పగించిన పని ఒక్కటే: దేహానికి చదువు రావడమంటే ఏమిటో దేశమంతటికీ చెల్లే ఒక్క వాక్యంలో చెప్పడం. అధ్యక్షుడు జర్కిన్‌బెక్ ఒకప్పటి మల్లయోధుడు. అతని లెక్కలో అది సత్తువ. నేను శరీరధర్మశాస్త్రం బోధించినదాన్ని. నా లెక్కలో అది అవయవాల పొందిక. నారిన్ కొండల్లోని ఈ బడిలో పరీక్షలు పెట్టి చూస్తే వాక్యం దానంతట అదే తేలుతుందని ఇద్దరం నమ్మాం. మూడు పరీక్షలూ తప్పిన పిల్లను జిల్లా కేంద్రంలోని ప్రత్యేక వసతి బడికి పంపాలన్నది నిబంధన.

పదేళ్ల ఆయిజిరెక్ వాన రాకముందే రెండు తప్పింది. బంతి విసిరిన ప్రతిసారీ గీత దాటి అడుగు వేసింది. "గీత దాటొద్దమ్మా" అని నేనే మూడుసార్లు చెప్పాను. పల్టీ కొట్టమంటే "గొర్రెపిల్లలా దొర్లాలా?" అని నవ్వి ఊరుకుంది. మిగిలింది ముప్ఫై మీటర్ల పరుగు. ఆమెను పెంచిన నానమ్మ బుర్మకాన్ కంచెకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఎజే, దాన్ని పట్టుకుపోతే గుర్రాల పాలు పితికేదెవరు? పోనీ, పాలు పోతే పోయాయి. నా పక్కన పడుకోకపోతే దానికి నిద్రే పట్టదు" అంది నాతో, అక్కను పిలిచినట్టు.

"ముందు పరుగు కానీ, అపా" అన్నాను ఆ పెద్దామెతో.

గీత లేదు కనుక జర్కిన్‌బెక్ పక్కనున్న బండి మీంచి నలుపూ తెలుపూ ఉన్ని కలిపి పేనిన తాడు తీసి పరుగు ముగిసేచోట అడ్డంగా పరిచాడు. "తాడైతేనేం, గీతైతేనేం?" అన్నాడు. నేనూ తలూపాను.

ఆయిజిరెక్ కుక్క తరిమిన కుందేలులా దూసుకొచ్చింది. తాడుకు జానెడు ఇవతల ఠక్కున నిలిచిపోయింది.

"దాటు! దాటవే తల్లీ!" అని అతను అరిచాడు. గడియారం నడుస్తూనే ఉంది. ఆ పిల్ల అటూ ఇటూ చూసి, తాడు చివరిదాకా నడిచి, ఆ చివర చుట్టూ తిరిగి మా వైపు వచ్చింది. పంతొమ్మిది సెకన్లు. ఏడు లోపైతేనే ఉత్తీర్ణత.

"ఇదేం పరుగే? విందుకొచ్చిన చుట్టంలా నడిచొస్తావేం?"

"దాటకూడదుగా, బైకే" అంది, అన్నను పిలిచినట్టు.

"ఎందుకు దాటకూడదు?"

"ఆ తాడు బండి తోలే జుమాగాజీ తాతది."

బుర్మకాన్ తల పట్టుకుంది. "చదువుకున్నోళ్లు కదయ్యా మీరు! పరాయి సొత్తు ముట్టని మంచోణ్ణి, ఒకరి చారల తాడు దాటనోడు అని మీ పట్నంలోనూ పొగుడుతారుగా. ఇక్కడ ఆ మాట పిల్లలకి నడకతో పాటే నేర్పుతాం. పరాయివాడి తాడు పరిచి దాని మీంచి పరిగెత్తమంటారా?"

జర్కిన్‌బెక్ ముఖం కందిపోయింది. "ఆ మాట నేనూ వంద సభల్లో అన్నాను, అపా. నిజంగా తాడేనని ఎప్పుడూ తోచలేదు."

తాడు తీసి పక్కన పడేశాం. గీత చోట అతనే నిలబడ్డాడు. ఈసారి ఆయిజిరెక్ అతణ్ణి దాటి, పోప్లార్ చెట్లను దాటి, వాగు గట్టు దాకా ఆగలేదు. అతని దగ్గరికి చేరేసరికి ఆరు సెకన్లు, కాస్త పైన.

ఉత్తీర్ణత అని రాయడానికి కలం ఎత్తి, చాలాసేపు రాయలేకపోయాను. పూర్తి వేగంలో ఉన్న దేహాన్ని జానెడు దూరంలో నిలపడం పరుగుకన్నా కష్టం. దానికి నా పట్టికలో గడే లేదు. పోనీ, ఆమె ఆగింది తాడు వల్లేనా? బంతి పరీక్షలో నేను మూడుసార్లు అన్న మాట వల్ల కాదు కదా? పిల్లను అడిగితే భుజాలెగరేసింది. ఏ కారణం నుంచి ఏ ఫలితం వచ్చిందో తేల్చడమే వృత్తిగా బతికిన నాకు ఆ పూట ఏదీ తేలలేదు. ఉత్తీర్ణత అనే రాశాను.

"మరి మన వాక్యం?" అన్నాడు జర్కిన్‌బెక్.

"నువ్వు చెప్పు, రాసుకుంటాను."

"పొద్దున తెలిసింది, ఎజే. ఇప్పుడు తెలీటం లేదు."

బుర్మకాన్ ఇచ్చిన టీ తాగి ఇద్దరం బయలుదేరాం. మేం పక్కన పడేసిన తాడు దారికి అడ్డంగా పడి ఉంది. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, దాన్ని దాటకుండా చుట్టూ తిరిగి నడిచాం.

ఆ వాక్యం రెండేళ్లకు వెలువడింది; అందులో ఆగడం గురించి ఒక్క మాటా లేదు. ఆయిజిరెక్ పదకొండో తరగతి దాకా ఆ ఊరి బడిలోనే చదివింది.