రెండు మందిరాల నడుమ రాతిబల్ల

రాతి చర్చి మెట్ల దగ్గర మొదలై, ఒకే ఒక్క సందు దాటి, నీలి గుమ్మటం మసీదు వాకిట్లో ముగిసే ఆ నడక పట్టుమని పావుగంట కూడా ఉండదు. దాన్ని గంటసేపు సాగదీసి చెప్పడమే ఆమె ఉద్యోగం. పంతొమ్మిదేళ్లుగా రోజుకు రెండుసార్లు చేత్తో ఎర్రగొడుగు పైకెత్తి, వెనక పదిపదిహేనుమంది యాత్రికులతో ఆ సందులో నడిచింది. ఏ రాయి దగ్గర ఆగాలో, ఏ మాటకు జనం నవ్వుతారో కళ్లు మూసుకుని చెప్పగలదు.

అన్నిటికంటే ఎక్కువమంది ఇష్టపడేది సందు మధ్యలో ఉన్న రాతిబల్ల. రెండు నిలువురాళ్ల మీద ఒక అడ్డరాయి, అంతే. కాకపోతే మనిషి గుండెలదాకా వచ్చే ఎత్తు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఎవరో అడిగారు, "ఇంత ఎత్తు బల్ల మీద ఎలా కూర్చుంటారండీ?" అని. తెలియదనడానికి ఆమెకు నామోషీ అనిపించింది. నోటికొచ్చింది చెప్పేసింది. పూర్వం ఒక వర్తకుడి కూతురు చర్చికి వచ్చేదట, ఒక యువకుడు మసీదుకు వచ్చేవాడట. ఇద్దరూ ఇక్కడే కలుసుకునేవారట. ఆ పిల్ల కాళ్లకు దుమ్ము అంటకూడదని అతను ఇంత ఎత్తు బల్ల చెక్కించి, తనే ఎత్తి కూర్చోబెట్టేవాడట. జనం మురిసిపోయారు. ఆ మర్నాడు కూడా అదే చెప్పింది. అబద్ధానికి ఒకసారి కాళ్లొస్తే అది మనకంటే ముందు నడుస్తుంది.

బల్లకు ఎదురుగానే పుస్తకాల బైండింగు దుకాణం. నడిపేది ఒక ముసలావిడ. సందులో అందరికీ పెద్దమ్మ. గైడు కథ చెబుతుంటే ఆవిడ జిగురు అంటిన వేళ్లు గుడ్డతో తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడేది. జనం కదిలాక పిలిచేది.

"ఇదిగో గడియారమ్మా! అది కూర్చునే బల్ల కాదే. అది మా అమ్మది."

ఎప్పుడు చూసినా చేతి గడియారం చూసుకుంటూ ఉంటుందని గైడుకు ఆవిడ పెట్టిన పేరది.

"అలాగే పెద్దమ్మా, ఒకరోజు తీరిగ్గా వచ్చి వింటాను. జనం ఎండలో నిలబడ్డారు."

"నీ తీరిక వచ్చేలోపు నా తీరిక అయిపోతుందేమోనే!" అని ఆవిడ నవ్వేది. గైడు కూడా నవ్వుతూ సాగిపోయేది.

ఒక్కసారి మాత్రం లోపలికి వెళ్లి కూర్చుంది. కూతురి అట్లాసు అట్ట ఊడిపోతే కుట్టించడానికి తీసుకెళ్లింది. పెద్దమ్మ పుస్తకాన్ని ప్రెస్సులో బిగిస్తూనే మొదలుపెట్టింది. "ఆ ఏడాది పిడుగులు పడి చర్చికీ మసీదుకీ ఒకేసారి మరమ్మతులు వచ్చాయిట. సున్నం బట్టీ చర్చి వెనకాల ఉండేది. మా నాన్న తాపీ మేస్త్రి. మా అమ్మేమో..." అంతలో గైడు ఫోను మోగింది. సాయంత్రం గుంపు అరగంట ముందే వచ్చి మెట్ల దగ్గర కాచుకుని ఉంది. "మళ్లీ వస్తా పెద్దమ్మా" అని లేచి వెళ్లిపోయింది. మర్నాడు అట్లాసు తెచ్చుకోవడానికి భర్తను పంపింది.

ఆ తర్వాత నగర కార్యాలయం వాళ్లు సందులో చారిత్రక స్థలాలకు బోర్డులు పెట్టాలనుకున్నారు. రాతిబల్ల గురించి నాలుగు వాక్యాలు రాసివ్వమని గుమాస్తా ఆమెనే అడిగాడు. కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు పెద్దమ్మ గుర్తుకు రాకపోలేదు. వెళ్లి అడిగితే పది నిమిషాల పని. కానీ అడిగాక ఆవిడ చెప్పేది నిజమైతే? ఇన్నేళ్లుగా తను చెప్పిందంతా ఏం కావాలి? ఆ ఆలోచనను అక్కడే నొక్కేసి, వర్తకుడి కూతురి కథే రాసిచ్చింది.

బోర్డు పెట్టిన రోజు పెద్దమ్మ చేతికర్ర పట్టుకుని సందు దాటి వచ్చింది. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి, చివరిదాకా చదివింది. గైడు పక్కనే నిలబడింది.

"అక్షరాలు చక్కగా కుదిరాయమ్మా. అచ్చుతప్పు ఒక్కటీ లేదు" అంది పెద్దమ్మ.

తిరిగి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆనాటినుంచి గుంపు వచ్చే వేళకు గుమ్మంలో కనబడలేదు. నిజం చెప్పాలంటే గైడుకు మొదట్లో ప్రాణం హాయిగానే ఉంది.

ఏడెనిమిది నెలలు గడిచాయి. ఒక ఉదయం గుంపులో, కూతురితో కలిసి, రైల్వేలో కూలీగా చేసి మానేసిన ఒక పెద్దాయన వచ్చాడు. కూతురు ఎంత వారించినా ఆమె సంచి తనే భుజాన వేసుకుని నడిచాడు. గైడు కథ చెబుతుండగా ఆయన బల్ల దగ్గరికి వెళ్లి, వీపు కాస్త ఆనించి, సంచిని భుజం మీదనుంచి రాతి మీదికి జార్చాడు. నడుం వంచలేదు. మళ్లీ అలాగే భుజానికి ఎక్కించుకున్నాడు.

"ఇది కూర్చునేది కాదమ్మా" అన్నాడు నెమ్మదిగా. "బరువు మోసేవాళ్లు వంగకుండా దించుకునేది, ఎవరి సాయం లేకుండా మళ్లీ ఎత్తుకునేది. నలభై ఏళ్లు మోశాను. పుస్తకాల సంగతి నాకు తెలియదుగానీ నా మెడకు తెలుసు."

"ఊరుకో నాన్నా, ఆవిడకు తెలియదా ఏంటి?" అని కూతురు నవ్వింది. మిగతావాళ్లూ నవ్వారు.

గైడుకు తల కొట్టేసినట్టయింది. మసీదు వాకిట్లో చెప్పాల్సిన మాటలు ఎలా చెప్పిందో ఆమెకే తెలియదు. గుంపును పంపించేసి, గబగబా వెనక్కి నడిచింది.

దుకాణంలో పెద్దమ్మ కోడలు ఒక్కతే కూర్చుని కాగితాలు మడత పెడుతోంది.

"అత్తయ్య పైనుందండీ. పక్షవాతం వచ్చి నేటికి పదహారు రోజులు. కుడి చెయ్యి ఆడదు, మాట పడిపోయింది" అంది.

గైడు గుమ్మంలోనుంచే అడిగింది, "ఆ రాతిబల్ల సంగతి మీకేమైనా తెలుసా?"

కోడలు చేతిలో పని ఆపకుండానే తనకు తెలిసినంత చెప్పింది. పెద్దమ్మ తల్లి బట్టీ దగ్గరనుంచి మసీదుదాకా తడిసున్నం గంపలు మోసేది. అప్పుడు నెలలు నిండిన మనిషి. అలుపొచ్చినప్పుడల్లా వంగి గంప దించడం, మళ్లీ వంగి ఎత్తుకోవడం. ఒక మధ్యాహ్నం సందు మధ్యలో గంప ఎత్తుకోబోయి కూలబడిపోయింది. తల్లి బతికింది, మగబిడ్డ దక్కలేదు. ఆమె భర్త, ఆ తాపీ మేస్త్రి, నెలరోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. తర్వాత చర్చిలో మిగిలిన రాళ్లు మూడు అడిగి తెచ్చుకున్నాడు. భార్యను సందులో నిలబెట్టి, దారంతో ఆమె గుండెల ఎత్తు కొలిచి, ఆ ఎత్తుకు బల్ల నిలబెట్టాడు. ఇంకే ఆడమనిషీ ఆ దారిలో వంగకూడదని.

"ఆవిడ పేరేంటి?"

"అదే గుర్తురావట్లేదండీ. ఇంట్లో ముసలమ్మ అనేవాళ్లు. ఆయన బల్ల పెట్టాక ఏదో అన్నాడని, అదేదో మంచి మాటని అత్తయ్య చెబుతూనే ఉండేది. పిల్లల గొడవలో మేమూ ఏనాడూ పూర్తిగా వినలేదు." కోడలు తల దించుకుంది. "వినేవాళ్లు దొరికితే చాలనుకునేది పాపం."

గైడు పైకి వెళ్లింది. చిన్న గది, కిటికీ పక్కన మంచం. ఆ కిటికీలోంచి చూస్తే సరిగ్గా కింద రాతిబల్ల, పక్కన తళతళలాడే బోర్డు. పెద్దమ్మ గుర్తుపట్టింది. చూపు ముందు గైడు ముఖం మీద, తర్వాత మణికట్టు మీద ఆగింది. గైడు గడియారం విప్పి సంచిలో పడేసింది.

"ఇవాళ నాకేం తొందర లేదు పెద్దమ్మా. నువ్వు చెప్పు, నేను వింటాను."

అన్నాక తెలిసింది, ఎంత మాటన్నదో. పెద్దమ్మ పెదవులు కదిలాయి. గొంతులోంచి ఏదో గరగర వచ్చింది. రెండోసారి ప్రయత్నించింది. ఆ తర్వాత ఎడమచెయ్యి మెల్లగా ఎత్తి, ఇక చాలన్నట్టు ఊపి, ముఖం గోడవైపు తిప్పుకుంది. గైడు ఆ పాదాల దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చింది. క్షమించమని అడిగింది. ఆవిడ విన్నదో లేదో, విని క్షమించిందో లేదో తెలియదు. ఆ తర్వాత రెండు నెలలు, పెద్దమ్మ పోయేదాకా, ప్రతి మధ్యాహ్నం వెళ్లి కూర్చునేది. మాట మాత్రం తిరిగి రాలేదు.

బోర్డు మార్పించడానికి గైడు కార్యాలయం చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది.

"మార్చడానికి ఆధారం ఏదైనా ఉందా మేడం?" అన్నాడు గుమాస్తా.

"ముందు రాసినదానికి ఏ ఆధారం ఉంది?"

"అదేంటి మేడం, అది మీరిచ్చిందేగా!"

బోర్డు అలాగే ఉంది. ఇప్పుడు పెళ్లి కుదిరిన జంటలు ఫోటోల కోసం అక్కడికి వస్తున్నారు. అబ్బాయిలు అమ్మాయిలను ఎత్తి ఆ బల్ల మీద కూర్చోబెడుతున్నారు.

గైడు మాత్రం కోడలు చెప్పింది చెప్పినట్టు చెబుతోంది. తెలియని చోట తెలియదనే అంటుంది. కొందరు కళ్లు తుడుచుకుంటారు. కొందరు బోర్డు చదివి, "ఈ కథే బాగుంది కదండీ" అంటారు.

మొన్న ఒకావిడ అడిగింది, "ఆ తల్లి పేరేమిటండీ?"

"తెలియదమ్మా. చెప్పే మనిషి ఏళ్లతరబడి ఆ గుమ్మంలోనే నిలబడింది. నేనే ఆగలేదు."

ఫోటోలు దిగడానికి ఒక జంట వచ్చేదాకా గైడు బల్ల పక్కనే నిలబడి, ఆ తర్వాత గొడుగు పైకెత్తి, గుంపును మసీదువైపు నడిపించింది.