కిందికి బాణం

నా నోట్‌బుక్ చూసి ఎవరైనా కుళ్లుకోవాల్సిందే. ఎర్ర ఇంకుతో గీతలు, నీలం ఇంకుతో అంకెలు, మార్జిన్లో తేదీ. ఆరేళ్ల పీహెచ్‌డీలో నేను నికరంగా సాధించింది ఆ దస్తూరీ ఒక్కటే. అందుకే ఫిబ్రవరిలో ఒకరోజు నా పేజీ అడుగున ఎవరో పెన్సిల్‌తో బాణం గీసి, పక్కన ‘కిందికి’ అని రాసి ఉంటే ఒళ్లు మండింది. ఏసీ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ నీళ్ల గొట్టం గురించి రాసుకున్నాడనుకుని, రబ్బరుతో శుభ్రంగా చెరిపేశాను.

నా పని లేజర్ రంగును కొలవడం. దానికి మా దగ్గర వెలుగుతో చేసిన ఒక స్కేలు ఉంది. దువ్వెన పళ్లలా సమాన దూరాల్లో లక్షల గీతలు. ఫ్రీక్వెన్సీ కోంబ్ అంటాం. మా లేజర్ ఆ గీతల మధ్య ఎక్కడో పడుతుంది. దగ్గరి గీతకూ దానికీ ఉన్న ఎడాన్ని బీట్ అంటాం. నా బీట్ ముప్ఫై రెండు మెగాహెర్ట్జ్.

ఇందులో ఒక చిక్కుంది. ఎల్బీ నగర్ చౌరస్తాకు అర కిలోమీటరు దూరంలో ఉన్నానని ఫోన్లో చెబితే, దిల్‌సుఖ్‌నగర్ వైపా, హయత్‌నగర్ వైపా అని అడుగుతారు. బీట్ ఆ ముక్క చెప్పదు. స్కేలును రవ్వంత జరిపి, బీట్ పెరిగిందా తగ్గిందా చూస్తేనే లేజర్ గీతకు పైనుందో కిందుందో తెలుస్తుంది. జూనియర్లకు ఈ పాఠం నేనే చెబుతాను, చేతిలో దువ్వెన పట్టుకుని మరీ.

చెప్పాను గానీ, చెయ్యలేదు. ఎప్పుడో వెళ్లిపోయిన సీనియర్ ఒకాయన పరికరం మీద ‘బీట్ ఎప్పుడూ ప్లస్’, అంటే లేజర్ ఎప్పుడూ గీతకు పైనే అని, కాగితం అంటించి పోయాడు. తరవాత లేజర్లు మారాయి, బల్ల మారింది, కాగితం మాత్రం అక్కడే ఉంది. ప్రతి దసరాకూ ఆయుధపూజ రోజు పరికరానికి బొట్టు పెట్టి, ఆ కాగితానికీ ఒకటి పెడతాం. బొట్టు పెట్టినదాన్ని ఎవరు అనుమానిస్తారు?

నా కొలత, అదే రంగును వేరే పద్ధతిలో కొలిచే వేవ్‌మీటర్‌తో కలవలేదు. తేడా అరవై నాలుగు మెగాహెర్ట్జ్. ఆ మీటరును సరిచేసి పెట్టే బాధ్యత మా ల్యాబు టెక్నీషియన్ భిక్షపతి గారిది. నల్గొండ దగ్గరి ఊరు, ఎల్బీ నగర్‌లో కిరాయి ఇల్లు, యాభై రెండేళ్లు, ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. తేడా ఎందుకొచ్చిందని మా గైడు రామమోహనరావు సార్ అడిగితే, “మీటరు తప్పు సార్” అన్నాను. ఆలోచించడానికి అర నిమిషం కూడా తీసుకోలేదు.

“నేను మంచిగనే చేసిన మేడం. మీరొక్కసారి జర స్కేలు జరిపి చూస్తరా?” అన్నారు భిక్షపతి గారు.

“అక్కర్లేదండీ. ఆరేళ్లుగా ఇదే పని చేస్తున్నాను.”

ఆ ‘అండీ’లో మర్యాద ఎంతుందో పొగరూ అంతే ఉంది. సార్ ఆయన కాంట్రాక్టు పొడిగించవద్దని కాగితం తయారు చేశారు. సోమవారం అది ఆఫీసుకు వెళ్తుంది. అదే సోమవారం నా సెమినార్.

శనివారం పొద్దున చైతన్యపురిలో మా పీజీ హాస్టల్ వంటగది పక్కన టిఫిన్ తింటున్నాను. గోడకున్న రెండు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు కలిసి వూం... వూం... అని ఆగి ఆగి మోగుతున్నాయి. పీజీ నడిపే హనుమాయమ్మ గారు తల పట్టుకుని వచ్చి, ఒక ఫ్యాను రెగ్యులేటర్ తగ్గించారు. మోత ఇంకా గబగబా రావడం మొదలైంది.

“తగ్గిస్తే ఎక్కువైందేంటే మృదులా? సైన్సు చదివావు కదా, చెప్పు.”

అడిగితే ఆగుతానా? ఉప్మా నోట్లో ఉండగానే మొదలుపెట్టాను. “ఆ ఫ్యాను ముందే నెమ్మదిగా తిరుగుతోంది ఆంటీ. ఇంకా తగ్గిస్తే రెండింటికీ తేడా పెరిగింది. ఏది ఎక్కువో ఏది తక్కువో మోతను బట్టి తెలియదు, ఇలా కాస్త మార్చి చూస్తేనే...”

ఉప్మా ప్లేటు పక్కన పెట్టేశాను. దిక్కు తప్పితే తేడా బీట్‌కు సరిగ్గా రెట్టింపు వస్తుంది. ముప్ఫై రెండు రెళ్లు అరవై నాలుగు. రెండో ఎక్కం.

ల్యాబుకు పరిగెత్తి స్కేలు జరిపాను. బీట్ నేననుకున్న దిక్కుకు ఎదురు నడిచింది. ప్లస్‌ను మైనస్ చేసేసి, మీటరు మళ్లీ సరిచేశామని చెప్పి, ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధమాడను. వచ్చింది, కుర్చీ వేసుకుని కాసేపు కూర్చుంది కూడా. తరవాత సార్‌కు ఫోన్ చేశాను.

“ఈ ఏడాది కొలతల్లో ఏ రోజు ఎటువైపు ఉందో తెలుసా?” అన్నారు సార్.

“తెలియదు సార్.”

“అయితే సెమినార్ లేదు. అన్నీ మళ్లీ కొలువు. మీటరు తప్పు కాదని రాసి పంపు.”

రాసి పంపాను. శనివారం కదా, భిక్షపతి గారు కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడిలో ఉంటారని అక్కడికి వెళ్లాను. చెప్పుల స్టాండు దగ్గర దొరికారు.

“తప్పు నాది భిక్షపతి గారూ. నేనే జరిపి చూడలేదు. సార్‌కు రాసిచ్చాను.”

ఆయన నా చేతిలో కొబ్బరి ముక్క పెట్టారు. “నాకెరుకే మేడం. ఫిబ్రవరిల నేను జరిపి చూసిన. గీతకు కిందికున్నది.”

“మరి చెప్పలేదేం?”

“మీరు చెవులల్ల పాటలు పెట్టుకొని పని జేస్తుంటిరి. పరేషాన్ చేసుడెందుకని మీ బుక్కులనే రాసిన, బాణం గీసి. మంచి బుక్కు ఖరాబ్ కావొద్దని పెన్సిల్‌తోని రాసిన.” ఆయన చెప్పులు తొడుక్కున్నారు. “మొన్న సార్ అడిగితే, మేడం బుక్కుల ఉన్నది చూడుండ్రి అన్న. సార్ తిరగేసి చూసిండు. ఏం లేదు, అబద్ధాలెందుకు చెప్తవన్నడు. ఎట్ల పోయిందో సమజ్ కాలె.”

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కొబ్బరి ముక్క చేతిలోనే ఉంది. రెండో చేత్తో సార్‌కు మళ్లీ ఫోన్ కలిపాను.

“సార్, భిక్షపతి గారు నిజమే చెప్పారు. ఆ పేజీలో రాసి ఉండేది. నేనే రబ్బరుతో చెరిపాను.”

భిక్షపతి గారు ఎదురుగా నిలబడి వింటున్నారు.