వంగని ఎముక

ఆరో సీసాలోని ఎముకను ఆ రోజు నేను ముట్టుకోలేదు. చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉంది. ఎందుకు ముట్టుకోలేదని నన్ను నేను ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది. ఏదీ నమ్మబుద్ధి కాదు.

ప్రయోగం చిన్నదే. ఏడో తరగతి పిల్లలు బెంచీకొకరు చొప్పున ఇంటి నుంచి శుభ్రంగా కడిగిన కోడికాలి ఎముక తెస్తారు. దాన్ని వెనిగర్ పోసిన సీసాలో వేసి, ల్యాబు కిటికీ గట్టు మీద వారం రోజులు ఉంచుతాం. ఎముకకు గట్టిదనాన్నిచ్చే కాల్షియాన్ని ఆమ్లం మెల్లగా కరిగించేస్తుంది. ఎనిమిదో రోజు తీసి వంచితే రబ్బరులా వంగుతుంది. పదహారేళ్ళుగా చేయిస్తున్నాను. ఎముక వంగగానే పిల్లలు కొట్టే కేరింతల కోసమే మిగతా పాఠాలన్నీ భరిస్తున్నానేమో అనిపిస్తుంది.

ఆరో బెంచీ పిల్ల తన ఎముకకు ఎర్రదారం కట్టి తెచ్చింది, వేరేవాళ్ళ దాంతో కలిసిపోకుండా. క్లాసులో ఆమెను అందరూ భూతద్దం అంటారు. దేన్నయినా ముక్కు ఆనించి చూస్తే గాని ఒప్పుకోదు.

ఎనిమిదో రోజు ఐదు బెంచీల్లో కేరింతలు లేచాయి. ఆరో బెంచీలో చప్పుడు లేదు. పక్కపిల్ల ముందు బెంచీ వాళ్ళ పుస్తకంలోకి తొంగిచూసి 'ఎముక వంగింది' అని అప్పటికే రాసేసింది. భూతద్దం పుస్తకంలో మాత్రం 'వంగలేదు' అని ఉంది.

"వంగలేదేంటమ్మా? అందరివీ వంగాయిగా."

"నాది వంగలేదు సార్."

"సరిగ్గా వంచావా?"

"రెండు చేతుల్తో వంచాను సార్. వేలు కూడా నొప్పెట్టింది."

"అంటే పుస్తకం అబద్ధం, వీళ్ళంతా అబద్ధం, నువ్వొక్కదానివే నిజం. నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, అంతేనా?"

క్లాసంతా ఘొల్లుమంది. వెనక నుంచి ఎవరో, "భూతద్దానికి పవర్ తగ్గింది సార్!" అని అరిచారు. నేనూ నవ్వాను.

ఆమె నవ్వులు ఆగేదాకా ఆగింది. తర్వాత దారం పట్టుకుని ఎముకను నా వైపు చాచింది. "మీరే వంచి చూడండి సార్."

"ఇప్పుడు బెల్లు కొడతారు. అది కొట్టేసి మళ్ళీ రాయి" అన్నాను.

కొట్టేసి రాసింది. ఒక్క గీత కాదు. కింద ఏముందో కనబడకుండా గీతల మీద గీతలు. ఆ పక్కన 'వంగింది'. మర్నాడు దిద్దుతూ దానికి టిక్కు పెట్టి, 'బాగుంది' అని రాశాను.

నాలుగు రోజుల తర్వాత స్టాఫ్ రూములో అటెండరు టీ కెటిల్ మూత తీసి లోపలికి చూస్తూ గొణుక్కున్నాడు. "మళ్ళీ సున్నం పేరుకుంది మాస్టారూ. మొన్నామధ్య ఎవరు కడిగారో గానీ అద్దంలా మెరిసింది. అన్నట్టు, ల్యాబులో వెనిగర్ సీసా కూడా ఎవరో ఖాళీ చేసేశారు."

"నేను కాదు" అన్నాను.

"మిమ్మల్నన్నానా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారేంటి!" అని నవ్వి, గ్లాసులో టీ పోశాడు.

టీ చల్లారిపోయింది. కెటిల్ కడిగింది నేనే. అందులో పేరుకున్న సున్నం పోవాలని సగం సీసా వెనిగర్ పోసేశాను. ఆ సాయంత్రమే ఎముకల సీసాలు నింపాను. ఐదు నిండాయి. ఆరోదానికి వచ్చేసరికి అడుగున నాలుగు చెంచాలు మిగిలింది. కుళాయి నీళ్ళతో మిగతా సీసాల ఎత్తుకు సరిపెట్టాను. రేపు కొత్త వెనిగర్ తెచ్చి మార్చేద్దాంలే అనుకున్నాను. మరిచిపోయాను.

మరిచిపోయానా? ఆమె ఎముక చాచినప్పుడు నా చెయ్యి జేబులోకి పోయింది. నాకు గుర్తు లేకపోతే చేతికి ఎలా గుర్తుంది?

ల్యాబు తలుపు వేసుకుని ఆరో సీసా మూత తీశాను. వెనిగర్ వాసనే లేదు. క్లాసయ్యాక ఆమె మళ్ళీ అందులోనే వేసిన ఎముకను ఎర్రదారం పట్టి పైకి లాగి, రెండు చేతుల్తో వంచాను. వేలు నొప్పెట్టింది.

ఆ రోజే చెప్పాల్సింది. చెప్పలేదు. ఎలాగూ పుస్తకంలో ఉన్నది 'వంగుతుంది' అనే కదా, రేపు పరీక్షలో మార్కులు పడేది దానికే కదా, పిల్లకు పోయిందేముంది అని రెండు రోజులు నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

మూడో రోజు తుప్పు పాఠం. పరీక్షనాళికల్లో నానేసిన మేకుల్ని చూసి కనబడింది రాయమన్నాను. భూతద్దం ముందు పక్కపిల్ల పుస్తకంలోకి చూసింది. ఆ తర్వాత ముందు బెంచీ వాళ్ళ పుస్తకంలోకి. రాసింది. మేకుల వంక అసలు చూడనే లేదు.

లేచి, కిటికీ గట్టు మీది ఆరో సీసా తెచ్చి బల్ల మీద పెట్టాను.

"ఇందులో వెనిగర్ లేనట్టే. నీళ్ళున్నాయి. పోసింది నేను. ఈ ఎముక వంగలేదు, వంగదు కూడా. ఆ రోజు నిజం రాసింది ఒక్కరే. ఆమె చేత అది కొట్టేయించింది కూడా నేనే."

వెనక బెంచీ నుంచి, "అయితే ఆ మూడు కాళ్ళ కుందేలు మీదేనన్నమాట సార్!" అని వినబడింది. అందరూ నవ్వారు. నవ్వనిచ్చాను. నాకు కావలసిందీ అదే. కొంచెం తేలికపడ్డాను కూడా. అందుకు సిగ్గేసింది.

"రామ్మా, అందరి ముందూ వంచి చూపించు."

వచ్చింది. ఎముకను రెండు చివర్లా పట్టుకుంది. వేళ్ళు బిగించలేదు. నా మొహంలోకి చూసింది, అక్కడ ఏదో రాసి ఉన్నట్టు.

"కొంచెం వంగుతోంది సార్" అంది మెల్లగా.

నేను ఆమె నోట్సు తీసుకున్నాను. నా టిక్కునీ 'బాగుంది'నీ కొట్టేసి, కింద ఎర్రసిరాతో 'వంగలేదు. నేనూ వంచి చూశాను' అని రాసి సంతకం పెట్టాను. ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుంది.

"సార్, మరి పరీక్షలో ఏం రాయాలి?"

"వెనిగర్‌లో వేస్తే వంగుతుందని రాయమ్మా. ఇక్కడ వేసింది నీళ్ళలో, అందుకే వంగలేదు."

పెన్ను మూత తీసి, ఆ మాటల్ని కూడా పొల్లుపోకుండా రాసుకుంది. ఎర్రదారం బల్ల అంచు నుంచి వేలాడుతూ ఉంది. ఆమె అటు చూడలేదు.